గట్టు మీదికి ఒక మనిషి

గుర్వమ్మ ఏ గడపలోనైనా అడుగు పెట్టిందంటే రెండే కారణాలు. ఆ ఇంట్లో బిడ్డైనా పుడుతూ ఉండాలి, లేదా ఆవేళ శనివారమైనా కావాలి. చౌటగుంట మాదిగవాడలో ముప్పై ఏళ్ల లోపు వాళ్లందరికీ బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. ఆ చెయ్యే శనివారం పొద్దు వాలేటప్పటికి వెదురు గంప పట్టుకొని ఇంటింటికీ తిరుగుతుంది.

వాడలో ప్రతి ఇంట్లో ఇసుర్రాయి పక్కన ఒక మట్టి గురిగి ఉంటుంది. రాయిలో జొన్నలు పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి ఆ గురిగిలో వేయాలి. ఇంట్లో ఎంత లేకపోయినా ముందు ఆ పిడికెడు, తర్వాతే పిండి. గట్టు మీద పెంట అని పిలిచే చెంచుల గూడెంలో సువార్త చెబుతున్న ఏసోబుకూ, అతని భార్య నిర్మలమ్మకూ ఆ గింజలే తిండి. ఇద్దరూ ఈ వాడలో పుట్టిన పిల్లలే. మూడేళ్ల కిందట వాళ్లను పైకి పంపిన ఆదివారం, ప్రార్థన గుడిసెలో అందరూ లేచి నిలబడి, మీ పొయ్యి ఆరనియ్యమని మాటిచ్చారు. అందరికంటే గట్టిగా అన్నది గుర్వమ్మే. ఆమె ఏదైనా గట్టిగానే అంటుంది.

ఇప్పుడు ఆ మాటకే చిక్కొచ్చి పడింది. మిలిటరీ దిగి నిజాం రాజ్యం పోయి ఆరు నెలలైంది. కమ్యూనిస్టు దళాలన్నీ నల్లమల ఎక్కాయని చెప్పి గట్టు కింద దారికడ్డంగా తనిఖీ నాకా పెట్టారు. నాకా పడ్డప్పటినుంచి పైకి గింజ పోలేదు. ఆరు వారాల జొన్నలు ప్రార్థన గుడిసె మూలన గోనెలో మూతి కట్టి ఉన్నాయి. తెల్లవారగానే గుర్వమ్మ వెళ్లి ఆ గోనె మీద చెయ్యేసి చూసి వస్తుంది. పురుగు పడుతుందేమోనని ఒక భయం, పైన వాళ్లిద్దరూ ఏం తింటున్నారోనని ఇంకో భయం. ఆ రెండోది ఆమెను ఒక్కచోట కూర్చోనివ్వడం లేదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే గుడిసె దాకా పోతుంది, మళ్లీ వస్తుంది.

ఆ శనివారం పుష్పమ్మ గురిగి వంచితే గంప అడుగు కూడా కప్పలేదు.

"ఏందే ఇది? వారమంత ఇసురలేదా?"

పుష్పమ్మ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇసిరిన పెద్దమ్మా. నిన్న పటేలు తలారిని తోలిండు. ఎవరింట్ల గురిగుంది, ఎవరింట్ల లేదు, అన్నీ చూసిపోయిండు. అప్పటిసంది మా ఇంటాయనకు బువ్వ పోతలేదు."

"మనమేమన్న దొంగసొత్తు దాస్తున్నమా?"

"పోయినేడు దళమోళ్లకు గూడ గిట్లనే ఇంటింటికి గింజలెత్తిరి గద. అది వేరు, ఇది వేరని మిలిటరోళ్లకు ఎవరు చెప్పాలె?"

నిజమే, చూసేవాడికి రెండూ ఒక్కటే. పిడికెళ్లు కూడబెట్టి, గోనె కట్టి, అడవికి పంపడం. గుర్వమ్మ ఆ ఇంటి నుంచి బయటపడి, గంప చంకన పెట్టుకొని, మిగతా ఇళ్లు వదిలేసి నేరుగా దుర్గయ్య ఇంటికి నడిచింది.

దుర్గయ్య గుడి పెద్ద. పాస్టరు అయ్యగారు నెలకొకసారి వస్తాడు, మిగతా ఆదివారాలు వాక్యం చదివేదీ, ప్రార్థన చేసేదీ, గట్టు మీది నుంచి వచ్చిన ఉత్తరాలు విప్పి వినిపించేదీ దుర్గయ్యే. వారంలో మిగతా ఆరు రోజులూ పందిరి కింద కూర్చుని చెప్పులు కుడతాడు. గుర్వమ్మ వెళ్లేసరికి నానబెట్టిన తోలును రాయి మీద పరిచి సుత్తితో మోదుతున్నాడు.

"దుర్గయ్యా, సోమవారం గోనె పంపాలె."

"పంపుడు లేదు." సుత్తి ఆపలేదు. "పటేలు పిలిచి చెప్పిండు. అడివికి గింజ పోయిందంటే పంపినోని పేరు మిలిటరీ క్యాంపుల రాసుకుంటరట. క్యాంపుకు పోయినోళ్లు ఎట్ల నడుచుకుంట తిరిగొస్తుండ్రో నువ్వు చూస్తలేవా?"

"మరి పిల్లల సంగతి?"

సుత్తి కింద పెట్టి, దారానికి మైనం రాయడం మొదలుపెట్టాడు. "దిగి రమ్మని కాయితం రాసిన. ఆళ్లు దిగొస్తే ఆళ్లూ బతుకుతరు, మనమూ బతుకుతం. నాకు మాత్రం కష్టం లేదనుకున్నవా? ఏసోబు నా చేతుల మీద పెరిగినోడు. పోయేనాడు చెప్పులు కుట్టిచ్చింది నేను."

"కాయితం ఎవరు తీస్కపోతరు?"

"గదే సోంచాయిస్తున్న."

"నాకియ్యి."

దుర్గయ్య తలెత్తి ఆమె మోకాళ్ల వైపు చూశాడు. "నువ్వా? గట్టు ఎక్కనీకె?"

"మోకాళ్లు నావి. నొస్తె నాకు నొస్తయి."

అతను లోపలికి వెళ్లి మడిచిన కాయితం తెచ్చిచ్చాడు. "కాయితం ఒక్కటే. గోనె కాదు," అన్నాడు వేలు చూపించి.

"సరె," అంది గుర్వమ్మ.

గుర్వమ్మ అంత తొందరగా సరే అన్నదంటే ఎవరికైనా అనుమానం రావాలి. ఇన్నేళ్లుగా తెలిసిన దుర్గయ్యకే రాలేదు.

సోమవారం తెల్లవారుతుండగా నూరుద్దీన్ బండి ప్రార్థన గుడిసె వెనక ఆగింది. నూరుద్దీన్ ఊరిలో బాడుగకు బండి తోలేవాడు. మూడేళ్లుగా ప్రతి అమావాస్యకూ ఆ గోనెను గట్టు కింది దాకా అతనే తోలాడు, ఒక్కసారి కూడా కిరాయి అడగలేదు. మిలిటరీ దిగిన వారంలో గడ్డం తీసేశాడు. అప్పటినుంచి నలుగురున్న చోటికి రాడు, పిలిస్తేనే పలుకుతాడు. గోనె మూతి ఒకరు, అడుగు ఒకరు పట్టుకొని ఎక్కించారు. పైన గుర్వమ్మ గడ్డి పరిచింది.

"అక్కా, ఖరాబైతదేమో," అన్నాడు నూరుద్దీన్ పగ్గాలు పట్టుకొని.

"దేవుని గింజలకు ఏం ఖరాబైతది? నువ్వు తోలు తమ్మీ."

దారి పొడుగునా ఆమె నోరు ఊరుకోలేదు. నాకాలో ఏమడిగితే ఏం చెప్పాలో నాలుగు రకాలుగా చెప్పింది, అడక్కపోతే ఏం చేయాలో ఇంకో రకంగా చెప్పింది. చెల్కల్లో జొన్న కోసిన మోళ్లు ఎర్రటి ఎండలో నిలబడి ఉన్నాయి. మోదుగలు పూసి ఉన్నాయి. ఏ మలుపు దగ్గర ఖాకీ రంగు కనిపించినా నూరుద్దీన్ పగ్గం బిగించి, ఊపిరి పట్టి, దాటాక వదులుతున్నాడు. గుర్వమ్మ అది చూసి కూడా మాట ఆపలేదు. ఆపితే తన భయం తనకు వినబడుతుంది.

నాకా అంటే రెండు గుంజలు, మధ్య అడ్డంగా ఒక వాసం, పక్కన డేరా. నలుగురు సిపాయిలు, ఒక జమేదారు, మాట తర్జుమా చేయడానికి ఒక తెలుగు జవాను. నూరుద్దీన్ దిగి సలాము చేసి ఉర్దూలో ఏదో చెప్పబోయాడు. జమేదారు పేరడిగాడు. చెప్పాడు. చెప్పీ చెప్పకముందే చెంప మీద చెయ్యి పడింది. పాగా ఊడి ఎద్దు కాళ్ల కింద పడింది. నూరుద్దీన్ దాన్ని తీసుకోవడానికి కూడా వంగలేదు.

"అయ్యో, ఆయన్నెందుకు కొడుతరు? గోనె నాది!" గుర్వమ్మ బండి మీంచి దూకినంత పని చేసింది.

అప్పటికే ఒక సిపాయి గడ్డి లాగేసి తుపాకీ మొనకున్న కత్తిని గోనెలో దింపాడు. జొన్నలు జలజలమని బండి చట్రం మీద పడి, అక్కడినుంచి దుమ్ములో పడ్డాయి. ఇరవై ఆరు ఇళ్ల పిడికెళ్లు అవి. కొన్ని తెల్లవి, కొన్ని పచ్చవి, ఒకామె ఏరుకొచ్చిన పరిగె గింజలైతే నల్లగా ఉంటాయి. ఏ గింజ ఏ గురిగిదో గుర్వమ్మ కళ్లు మూసుకొని చెప్పగలదు.

"ఎవరికి ఇవి?" అన్నాడు తెలుగు జవాను.

"పైన మా ఏసోబు ఉన్నడు. ఏసుప్రభువు మాట చెప్తడు. ఆయనా, ఆయన పెండ్లాము, ఇద్దరే."

"ఇద్దరికి గోనెడా? ఎవరు నమ్ముతరమ్మా?"

"ఆరు వారాలది!"

అతను జమేదారుకు చెప్పాడు. జమేదారు నవ్వాడు. ఆమె దగ్గర ఇంకేముందో చూడమన్నాడు. సద్దిమూటలో ఒక జొన్నరొట్టె, రవికలో కాయితం. తెలుగు జవాను కాయితం విప్పి, పెదవులు కదుపుతూ చదివి, దిగి రమ్మని రాసి ఉందని చెప్పాడు. అది విని జమేదారు ముఖం కొంచెం సడలింది. కాయితం తిరిగి ఇప్పించి, వాసం వైపు చెయ్యి ఊపి ఏదో అన్నాడు.

"మనిషి పోవచ్చునట. గింజ పోవద్దట," అన్నాడు జవాను.

గుర్వమ్మ దుమ్ములో కూర్చుని కొంగులోకి గింజలు ఎత్తబోయింది. ఒక సిపాయి బూటు వచ్చి కొంగు అంచు మీద ఆగింది. ఆమె కొంగు మెల్లగా లాక్కొని, దులుపుకొని, లేచింది. అంత కోపంలోనూ ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది.

"పా తమ్మీ, తిరిగిపోదం."

నూరుద్దీన్ పాగా తీసుకొని దుమ్ము దులిపి తలకు చుట్టుకున్నాడు. ఎడమ చెంప ఉబ్బి ఉంది. "నువ్వు పోవా అక్కా?"

"ఉత్త చేతులతోని పోయి ఏం జెప్పాలె? మూడేండ్లు గోనె వస్తుండె, ఇప్పుడు ఉత్త నోరొచ్చింది అని చెప్పాల్నా?"

నూరుద్దీన్ చాలాసేపు ఎద్దు మెడ నిమిరాడు. ఆమె ముఖం చూడకుండానే అన్నాడు: "మూడేండ్లసంది గీడిదాక బండి తోలుతున్న. చెంచోళ్లు దిగొచ్చి గోనె ఎత్తుకపోతరు. మీ వాడోళ్లు ఒక్కరన్న గీ తొవ్వ ఎక్కంగ నేను చూడలే. ఇయ్యాల నా మొకం మీద చెయ్యి పడ్డది అక్కా. అది ఉత్తగ పోవొద్దు. నువ్వు పో."

అతను ఇంత పొడుగు మాట మాట్లాడి ఆరు నెలలైంది. గుర్వమ్మ సద్దిమూట చంకన పెట్టుకొని, వాసం కింది నుంచి వంగి, అవతలికి దాటింది.

దారి అంతా బండలు, ఎండిన వెదురు ఆకు. పది అడుగులు వేయడం, నిలబడడం, తిట్టుకోవడం. పటేలును తిట్టింది, జమేదారును తిట్టింది, దుర్గయ్యను తిట్టింది, మోకాళ్లను తిట్టింది. తిట్టడానికి ఇంకెవరూ మిగలకపోయేసరికి నూరుద్దీన్ అన్న మాట గుర్తొచ్చింది. నీ కాన్పుకు నేను రాకుంటే ఇంకెవరొస్తరే అని నిర్మలమ్మతో ఆమె ఒకసారి అన్నది. ఆ కాన్పు ఈ గట్టు మీదే అయింది. అప్పుడు రజాకార్ల గోల, మిరపతోటల్లో కూలి, ఒకటా రెండా. గోనెతోపాటు ఒక ముంతెడు నెయ్యి పంపి, వెళ్లినంత పని చేశాననుకొని ఊరుకుంది.

పొద్దు తిరిగాక పెంట కనిపించింది. ఎనిమిది గుండ్రటి గుడిసెలు, కొంచెం ఎడంగా మట్టిగోడల ఇల్లొకటి. విల్లు భుజాన వేసుకున్న ఒక చెంచు మనిషి ఎదురొచ్చి, ఆమెను తేరిపార చూశాడు. లింగయ్య అని తన పేరు చెప్పాడు.

"చౌటగుంట గుర్వమ్మను," అంది ఆయాసపడుతూ.

"జొన్నల గుర్వమ్మవా?" అతని ముఖం విప్పారింది. ఆమె వెనక్కి చూశాడు. "గోనె ఏది?"

మట్టి ఇంటి ముందు నిర్మలమ్మ రోట్లో ఎండిన గడ్డలు దంచుతోంది. ఈ మూడేళ్లలో చిక్కి సగమైంది. అలికిడికి తలెత్తి చూసింది, కాని లేవలేదు, నవ్వలేదు. రోకలి మాత్రం ఆగింది.

"గోనె రాలేదా పెద్దమ్మా?"

"లేదే. నాకాల పోయింది. అంత నేల పాలైంది."

"మరి నువ్వెందుకొచ్చినవ్?"

అది ఎత్తిపొడుపు అనుకుంది గుర్వమ్మ. కాదు, ఆ పిల్ల నిజంగానే అడుగుతోంది. గుర్వమ్మ రోలు దగ్గరికి వెళ్లింది. వెళ్లిన కళ్లు ముఖం మీద నిలవలేదు, అలవాటు కొద్దీ నడుము మీదికి పోయాయి. చీర కుచ్చిళ్లు ఎత్తుగా దోపిన తీరు, కాళ్లు ఎడంగా చాపి కూర్చున్న తీరు చూసింది. గుర్వమ్మకు వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

"ఎన్నో నెలనే?"

"ఎనిమిది నిండుతున్నయి."

"ఓసి పిచ్చిదానా! కాయితంల ఒక్క ముక్క రాయొద్దా?"

"ఆయన రాస్తనన్నడు. నేనే వద్దన్న." నిర్మలమ్మ రోకలి పక్కన పెట్టింది. "పోయినేడు చంటిది పోయిందని రాస్తే ఏం జేసిండ్రు మీరు? స్తోత్రమన్నరట గద. పాట గూడ పాడిన్రట. గోనె తెచ్చినప్పుడు నూరుద్దీనన్న చెంచోళ్లతోని చెప్పిండు. ఇదీ రాస్తే ఇంకో పాట పాడుతరు. ఇంకో పిడికెడు ఎక్కువ ఏస్తరు."

ఆ ఆదివారం మొత్తం గుర్వమ్మ కళ్ల ముందుకొచ్చింది. ప్రభువు మా చిన్నదానిని తన సన్నిధికి పిలుచుకొనెను, ఆయన నామమునకు స్తోత్రము కలుగును గాక అని రాశాడు ఏసోబు. పుస్తకంలో ఎట్లా ఉంటే అట్లా రాయడం తప్ప ఇంకోలా రాయడం అతనికి రాదు. దుర్గయ్య దాన్ని నిలబడి చదివాడు. గట్టు మీది నుంచి ఏ కాయితం వచ్చినా, చదవడం కాగానే మూడుసార్లు స్తోత్రమని కీర్తన ఎత్తడం వాళ్ల అలవాటు. ఆ అలవాటులోనే అన్నారు, ఆ అలవాటులోనే పాడారు. ఇంటికి పోయి గురిగిలో రెండో పిడికెడు వేశారు. వాడలో ఎవరి బిడ్డ పోయినా మూడు రోజులు ఆ తల్లి పక్క నుంచి లేవని ఆడవాళ్లే, ఈ తల్లి దగ్గరికి ఒక్కరూ కదల్లేదు.

"ఆ పాట ఎత్తింది నేనేనే నిర్మలా," అంది. అబద్ధం చెప్పడానికి ఆమెకు ఎప్పుడూ ఓపిక లేదు. "నా నోటితోనే ఎత్తిన. తప్పు జేసిన బిడ్డా."

నిర్మలమ్మ చేతులు నేలకు ఆన్చి, బరువుగా లేచి, ఇంటి వెనక్కి నడిచింది. గుర్వమ్మ ఆమె వెనకే వెళ్లింది. తునికి చెట్టు కింద మూరెడు పొడుగున రాళ్లు పేర్చి ఉన్నాయి. ఎవరో అప్పుడప్పుడూ ఆకు ఊడుస్తున్నట్టు చుట్టూ నేల నున్నగా ఉంది.

"పేరేం పెట్టినవే?" అంది గుర్వమ్మ. అడిగాక గానీ ఆ ప్రశ్న ఎంత సిగ్గుమాలినదో ఆమెకు తెలియలేదు. తొమ్మిది నెలలు బతికిన పిల్ల. ముప్పై ఏళ్లుగా వాడలో ప్రతి పిల్ల పేరూ ముందు ఆమెకే తెలుస్తుంది.

"రూతు."

గుర్వమ్మ కూలబడింది. రాళ్ల మీద రెండు చేతులూ ఆన్చి, వాడలో ఏడ్చినట్టే గొంతెత్తి, పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. నా రూతమ్మా, నీ బొడ్డు కొయ్యలేదు బిడ్డా, నీకు నీళ్లు పొయ్యలేదు బిడ్డా, నీ కాళ్లు చాపి నూనె రాయలేదు బిడ్డా. నిర్మలమ్మ మొదట నిలబడే ఉంది. తర్వాత పక్కన కూర్చుంది. తర్వాత గుర్వమ్మ భుజం మీద నుదురు పెట్టుకుంది. ఆ పిల్ల పోయిన నాటి నుంచి తన భాషలో, తన వాడ తీరులో, తనతోపాటు ఏడ్చే మనిషి కోసం చూసిన ఏడుపంతా అప్పుడు వచ్చింది. పెంటలోని ఆడవాళ్లు పనులు ఆపి, దూరం నుంచే చూసి, ఏమీ అడక్కుండా కూర్చున్నారు.

పొద్దు గూకే ముందు ఏసోబు వచ్చాడు. పెద్దమ్మా అని అరిచి, కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అతని మడమ పగిలి పుండయింది. కాలికున్న చెప్పుకు అడుగు అరిగి వేలు దూరేంత బొక్క పడింది, వారు తెగితే నారతో కట్టుకున్నాడు. గుర్వమ్మ కాయితం ఇచ్చింది. అతను నిలబడే చదివి, మడిచి, భార్య వైపు చూశాడు.

"దిగిపోదమా? నీ మూట ఎట్లాగు కట్టే ఉన్నది గద."

అప్పుడు చూసింది గుర్వమ్మ, తలుపు పక్కన గూటానికి వేలాడుతున్న మూటను. ముడి మీద దుమ్ము కూడా చేరింది. నిర్మలమ్మ రొట్టెను మూడు ముక్కలు చేసింది, ఉడికించిన గడ్డలు పక్కన పెట్టింది.

తెల్లవారాక గుర్వమ్మ ఇప్పనూనె వేడి చేసి, నిర్మలమ్మను చాప మీద పడుకోబెట్టి, అరచేతులతో కడుపు నిమిరింది. కళ్లు మూసుకుంది. తల ఎక్కడుందో, వీపు ఏ వైపో వేళ్లు చూసుకుంటూ పోయాయి. నిర్మలమ్మ ఊపిరి బిగబట్టి ఆమె ముఖం చూస్తోంది.

"తల కిందికే ఉన్నది. మంచిగున్నడో, మంచిగున్నదో. ఇంకో అయిదు వారాలు పడ్తది. ఈ కడుపు తోని ఆ బండల మీద దిగుడు నేనైతె ఒప్ప."

"మరి ఎవరు చేస్తరు కాన్పు?"

"నేనొస్త."

"అప్పుడూ గట్లనే అన్నవ్ పెద్దమ్మా."

ఆ మాట దగ్గర గుర్వమ్మకు ఒట్టు పెట్టాలనిపించలేదు. ఒట్లకు ఇక్కడ విలువ లేదు. బొడ్లె సంచి విప్పి, గుడ్డలో చుట్టిన చిన్న కత్తిని తీసింది. కొస అరిగిపోయిన కత్తి. నిర్మలమ్మ బొడ్డు కోసింది కూడా దానితోనే. దాన్ని ఆ పిల్ల అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ముప్పై ఏండ్లల ఇది తప్ప ఇంకో కత్తి ముట్టలే. ఇది ఇక్కడున్నంక నేను అక్కడెట్ల ఉంట? నా కోసం కాకున్నా దీని కోసం రావాలె గద."

నిర్మలమ్మ చాలాసేపు పిడికిలి తెరవలేదు. తర్వాత లేచి, గూటానికున్న మూట దించి, ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుపోయి రాలేదు. పంటితో లాగింది.

"మేము దిగం అని చెప్పు," అంది పంటికింది నుంచే. "ఆరు వారాలసంది ఈ పెంటోళ్లు మమ్మల్ని ఉపాసం ఉంచలే. తెల్లారె సరికి గడ్డలు తెచ్చి గడప ముంగట పెట్టి, చెప్పకుండ పోతరు. గింజలు రాకున్నా బతుకుతం. గని పెద్దమ్మా, అప్పుడప్పుడు ఒక్క మొకమన్న కనవడాలె. గోనె తోని ఏం మాట్లాడాలె నేను?"

బయల్దేరేటప్పుడు గుర్వమ్మ ఏసోబు దగ్గర ఆ కాయితమూ, కాలి చెప్పొకటీ అడిగి తీసుకుంది. ఎందుకని అతను అడిగితే, "నీకెందుకురా, ఇయ్యి," అంది.

శనివారం పొద్దు వాలేటప్పటికి గంప పట్టుకొని మళ్లీ వాడలోకి దిగింది. ఆమె గట్టు దిగొచ్చి మోకాళ్ల వాపుతో పడుకున్న ఈ నాలుగు రోజుల్లో గోనె సంగతి ఊరంతా తెలిసింది. రెండిళ్లలో ఆమెను చూడగానే తలుపు వేసుకున్నారు. ఆ తలుపులను ఆమె ఏమీ అనలేదు, అదే ఒక వింత. పుష్పమ్మ గురిగి తెచ్చి వంచబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"గింజలొద్దు. నీ పిల్లలకు పోసిపెట్టు. వచ్చే సోమవారం నువ్వు గట్టెక్కు."

"నేనా? ఓ యమ్మో! మిలిటరోళ్లు..."

"మనిషిని ఆపరు. నేను పోయొచ్చిన గద, పాణం తోనే ఉన్న గద. ఒక్క రొట్టె కట్టుకో చాలు."

"ఆడికి పోయి నేనేం జెప్పాలె పెద్దమ్మా? నాకు వాక్యం రాదు, పాట రాదు."

"ఏం జెప్పొద్దు. దాని పక్కన కూసో. తల దువ్వు. ఆడ ఒక చెట్టుంది, దాని కింద కూసో."

పుష్పమ్మ గురిగిని గుండెకు ఆన్చుకొని, చాలాసేపు ఇంటి లోపలికీ బయటికీ చూసింది. "సోమవారం కాదు. బుధవారమైతె మా ఆయన పొలం పోతడు," అంది చివరికి.

"బుధవారం నీది," అంది గుర్వమ్మ. ఖాళీ గంప ఇంకో చంకకు మార్చుకొని నడిచింది.

దుర్గయ్య పందిరి కిందే ఉన్నాడు. ఆమెను చూడగానే సుత్తి విసిరికొట్టాడు. "గోనె తీస్కపోయి బాటల పోసినవ్! నూరుద్దీన్‌ను కొట్టిపిచ్చినవ్! పటేలు నన్ను పిలిచి నిలవెట్టి అడిగిండు. కాయితం ఒక్కటే అంటే నువ్వేమన్నవ్? సరె అన్నవ్!"

"నూరుద్దీన్ సంగతి నిజమే. ఆయన ఇంటికి పోయి కాళ్లు పట్టుకున్న. మిగతాది ఏమన్నా అను," అంది గుర్వమ్మ. ఎదురుగా కూర్చుంది. కాయితం తీసి తోలు ముక్కల మీద పెట్టింది. "ఆళ్లు దిగరట."

"దిగరా?"

దానిపక్కన చెప్పు పెట్టింది.

దుర్గయ్య చెప్పును చేతిలోకి తీసుకొని తిప్పాడు. అంచున కుట్టు చూశాడు. తన కుట్టు తనకు తెలియకపోదు. బొక్కలో వేలు పెట్టాడు, వేలు అవతలికి వచ్చింది. నార కట్టిన చోట గోటితో గీకాడు.

"పోయేనాడు కుట్టిచ్చిన జత ఇది," అన్నాడు మెల్లగా. "మూడేండ్లు ఇదే తొడిగిండా?"

"ఇంకేం తొడుగుతడు?"

"అడగొద్దా పిల్లగాడు?"

"గింజల కోసం అడిగిండా? మనమే పంపినం. చెప్పుల సంగతి మనకు యాదికి రాలే."

దుర్గయ్య చెప్పును ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న తోలును చూస్తూ అన్నాడు: "ఇంకో జత కుడుత. తంగేడు చెక్క పట్టిన దొడ్డ తోలున్నది. రెండు దినాలల్ల కుట్టి పంపుత."

"కొలత?"

"పాత చెప్పున్నది గద."

"ఆ కాలు గట్ల లేదు దుర్గయ్యా. మడిమె పగిలి పుండైంది. పాదం వాచింది. అటు సగం ఇటు సగం నడుస్తుండు."

"అయితె దారం తోని కొలిచి పంపమని చెప్పు."

జన్మలో మొదటిసారి, మాట్లాడాల్సిన చోట ఆమె నోరు మూసుకొని కూర్చుంది. పందిరి మీంచి ఒక పుల్ల రాలి కాయితం మీద పడింది. దుర్గయ్య దాన్ని తీసేశాడు. కాయితంలో తన చేతిరాతను ఒకసారి చూసుకొని, నాలుగు మడతలు పెట్టి చాప కిందికి తోశాడు. తర్వాత గోడకున్న తోలుసంచి అందుకున్నాడు. తోలు కుట్టే ఆరె వేశాడు, కోసే రంపె వేశాడు, మైనం రాసిన దారపు ఉండ వేశాడు. సంచి మూతి బిగించి పక్కన పెట్టుకున్నాడు.

"సోమవారం పొద్దుగాల్ల ఎప్పుడు లేవాలె?"

"కోడి కూసినంక. రొట్టె ఒక్కటే కట్టుకో."

ఆమె గంప తీసుకొని లేచింది. పందిరి దాటబోతుంటే వెనకనుంచి పిలిచాడు. ఆ గొంతు ఆదివారం వాక్యం చదివే గొంతులా లేదు.

"గుర్వమ్మా, ఆ కాయితం చదివింది నేనే గద. దాంట్ల చిన్నది అని ఉండె, పేరు లేకుండె. ఆ పిల్లకు పేరేం పెట్టిన్రు?"

గుర్వమ్మ వెనక్కి తిరిగింది. పేరు నాలుక చివరనే ఉంది.

"నన్నడగకు," అంది. "పోయి తల్లినడుగు."

తర్వాతి ఇల్లు కాటమయ్యది. అతని పెండ్లాం గురిగి పట్టుకొని అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. గుర్వమ్మ ఖాళీ గంపతో అటు నడిచింది.